వయ్యారిభామ నిర్మూలనము – గ్రామ పంచాయతీ కర్తవ్యము

అనంతపురము జిల్లా యాడికి ప్రాంతమున ముంగారు వాన ఒకటి గట్టిగా కురిసినచో, పది పదునైదు దినములలో బీడు నేలలన్నియు పచ్చబడును. ఏడాదిలో అధిక భాగము ఎండిన నేలనే చూచుటకు అలవాటుపడిన కన్నులకు ఆ పచ్చదనము ఎంతయో హాయి గొలుపును. కాని దగ్గరకు పోయి పరిశీలించినచో అందులో పశువు మేయదగిన గడ్డి కొంత మాత్రమే యని, చాలచోట్ల క్యారెట్ ఆకును పోలిన ఆకుతో నేలకు అతుకుకొని పెరుగుచున్న వేరొక మొక్క ఉన్నదని తెలియును. అదియే వయ్యారిభామ. దీనినే మనవారు కాంగ్రెసు గడ్డి యనియు, క్యారెట్ గడ్డి యనియు వ్యవహరింతురు.

ఈ మొక్క పాఠశాల ఆవరణలో, పంచాయతీ కార్యాలయపు ముంగిట, బాటల కిరుప్రక్కల, చెరువు కట్ట మీద, చేల గెనిమల మీద, పాడుపడిన దొడ్లలో విరివిగా పెరుగును. ఈ స్థలములలో అధిక భాగము ఏ ఒక్క రైతుకును చెందినవి కావు, గ్రామమునకు చెందినవి. అందుచేతనే ఈ పాఠమును పంచాయతీ సభ్యులను ఉద్దేశించి వ్రాయుచున్నాము. విషపు మందులు చల్లకుండ, ఎక్కువ వ్యయము లేకుండ, ఈ మొక్కను అదుపులో నుంచు పద్ధతులను వివరించుట మా ఉద్దేశము.

2000వ సంవత్సరపు గుణపాఠము

బాట ప్రక్క పెరిగిన పిచ్చిమొక్క వలన మన చేనికి ఏమి నష్టమని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు మన జిల్లా 2000వ సంవత్సరములో చాల ఖరీదైన సమాధానమును చూచినది.

ఆ సంవత్సరము ఖరీఫ్‌లో అనంతపురము జిల్లా వేరుశనగ చేలలో ఒక క్రొత్త తెగులు వ్యాపించినది. లేత ఆకులు మాడినవి. కాండము నల్లబడి ఎండినది. ఊడలు, కాయలు నల్లని మచ్చలతో పాడైనవి. లేత వయసులో తెగులు సోకిన మొక్కలు పూర్తిగా చచ్చిపోయినవి. సుమారు 2,25,000 హెక్టార్లలో, అనగా ఐదున్నర లక్షల ఎకరములలో, పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేయబడినది. బుడ్డల పంటనే నమ్ముకొన్న మెట్ట రైతునకు అది ఎట్టి దెబ్బయో వేరుగ చెప్ప నవసరము లేదు.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ మొదలగు సంస్థల శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించి, టొబాకో స్ట్రీక్ అను వైరస్ దీనికి కారణమని గుర్తించిరి. తెగులునకు కాండపు కుళ్ళు తెగులని పేరు వచ్చినది. ఈ వైరస్ వ్యాపించు తీరు మనము తప్పక తెలిసికొనవలసిన విషయము. వయ్యారిభామకు ఈ వైరస్ సోకినను ఆ మొక్కపై రోగ లక్షణములు కనబడవు. అది పచ్చగానే ఉండి పూచును. ఆ పూల పుప్పొడిలో వైరస్ ఉండును. పూలలో నివసించు తామర పురుగులు పుప్పొడిని ఒంటికి అంటించుకొని ప్రక్కనున్న వేరుశనగ ఆకులపై వాలును. గాలికి కూడ పుప్పొడి ఎగిరి ఆకులపై పడును. తామర పురుగు ఆకును గీకి రసము పీల్చునప్పుడు ఏర్పడిన గాయము ద్వారా వైరస్ మొక్కలోనికి ప్రవేశించును.

మరియొక విశేషము గలదు. తెగులు సోకిన వేరుశనగ మొక్క నుండి ప్రక్కనున్న వేరుశనగ మొక్కకు ఈ తెగులు దాదాపుగా వ్యాపించదు. విత్తనము ద్వారా వచ్చునట్లు కూడ కనబడలేదు. ఇక చేనిలోనికి రోగము ఎక్కడనుండి వచ్చినట్లు? గట్టు మీదనుండి, బాట ప్రక్కనుండి, బీటి నుండి వచ్చినది. గడ్డిచామంతి మొదలగు మరికొన్ని కలుపు మొక్కలలో కూడ ఈ వైరస్ ఉండునుగాని వాటిలో వయ్యారిభామదే పెద్ద పాత్ర.

కావున రైతు తన చేనిలో కలుపు లేకుండ గుంటక తోలి, కూలీలను పెట్టి ఎంత శుభ్రము చేసికొన్నను, ఊరుమ్మడి స్థలములోని మొక్క పూచినంత కాలము అతని పైరునకు రక్షణ లేదు. చేనికి రైతు బాధ్యుడు. బాటకు, బీటికి బాధ్యులెవరు? పంచాయతీయే. 2000వ సంవత్సరపు గుణపాఠమును పంచాయతీ సభ్యులు ఈ దృష్టితో గ్రహించవలెను.

మొక్క స్వభావము

శత్రువు నెరిగినగాని జయింపలేము. వయ్యారిభామ పుట్టినిల్లు మెక్సికో, దాని పరిసర దేశములు. మన దేశమున దీని వ్యాప్తిని 1955 ప్రాంతమున పూనాలో మొదట గమనించిరి. అమెరికా నుండి దిగుమతి యైన గోధుమలతో వచ్చినదని ప్రతీతి కలదు. ఎట్లు వచ్చినను, తరువాతి కొలది దశాబ్దములలో అది దేశమంతట వ్యాపించినది. కర్ణాటక ప్రభుత్వము 1975లోనే దీనిని హానికరమైన కలుపు మొక్కగా ప్రకటించినది.

దీని జీవితము రెండు దశలుగా నడుచును. మొదటి దశలో ఆకులు చక్రము వలె నేలమీద పరచుకొని ఇతర మొక్కలను మొలవనీయవు. రెండవ దశలో నడుమ నుండి కాండము లేచి, కొమ్మలు వేసి, చిన్న తెల్లని పూలు పూయును. మొలిచిన నాలుగు వారములకే పూత మొదలుకావచ్చును. ఒక్క మొక్క పదునైదు వేల నుండి ఇరువదియైదు వేల వరకు విత్తనములు ఇయ్యగలదు. విత్తనము ధూళి వలె తేలికగా నుండి గాలితో, వాన నీటితో, లారీల టైర్లకు అంటిన బురదతో, గొర్రెల మందల కాళ్ళతో, రోడ్డు పనులకు తోలు మట్టితో ఊరూరు తిరుగును. భూమిలో పూడియున్న విత్తనము సంవత్సరముల తరబడి చావక, పైకి వచ్చిననాడు మొలచును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక మొక్క తక్కువలో తక్కువగా పదివేల విత్తనములు రాల్చినదనుకొందము. అందులో నూటికి ఒకటి మాత్రమే మొలిచినను నూరు మొక్కలగును. ఆ నూరును పూచినచో, అదే లెక్కన, రెండవ తరమునకు పదివేల మొక్కలు తయారగును. వానలు అనుకూలించినచో జూన్ నుండి నవంబరు లోపల రెండు తరములు గడచుట కష్టము కాదు. జూన్ నెలలో ఒకడు వంగి పెరికివేయగల మొక్క, నవంబరు నాటికి ఊరంతయు కూడినను తీరని పని యగుచున్నది. మొక్కై వంగనిది మానై వంగునా యన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

మనుష్యులకును, పశువులకును కూడ ఇది హాని చేయును. ఇందులోని పార్థెనిన్ అను పదార్థము వలన, పలుమార్లు తాకినవారికి చర్మముపై దురద, పొక్కులు, గజ్జి వంటి వ్యాధి కలుగును. పుప్పొడిని పీల్చుటచే కొందరికి తుమ్ములు, జలుబు, ఉబ్బసము వచ్చును. మేత దొరకని కాలమున పశువులు దీనిని తినినచో పాలు చేదెక్కును; ఎక్కువగా తినిన పశువులు జబ్బుపడును.

నీటి విషయము మరువరాదు. అనంతపురము జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశములో మిక్కిలి తక్కువ వాన పడు జిల్లాలలో ఇది యొకటి. ఆ కొద్దిపాటి తేమను కూడ ఈ మొక్క త్రాగివేసినచో పశువుల మేతకు మిగులునది ఏమి?

గడ్డి మందు ఏల వలదు?

అంగడిలో గడ్డి మందు దొరకుచుండగా ఇంత శ్రమ ఎందులకని కొందరు తలచుట సహజము. మందు చల్లిన వారము దినములలో మొక్క మాడుట నిజమే. కాని గ్రామపు ఉమ్మడి స్థలములలో దానిని వాడరాదని మేము చెప్పుటకు కారణములు గలవు.

బాటల ప్రక్కలను, బీళ్ళను మన గొర్రెలు, మేకలు, ఆవులు మేయును. బడి ఆవరణలో పిల్లలు వట్టి కాళ్ళతో ఆడుకొందురు. వాన వచ్చినచో ఆ నేల మీది నీరే కుంటలకు, చెరువులకు చేరును. పారాక్వాట్ వంటి గడ్డి మందు కడుపులోనికి పోయినచో దానికి విరుగుడు లేదు. గ్లైఫోసేట్ అను మందును చీడల నివారణలో శిక్షణ పొందినవారే చల్లవలెనని పరిమితి విధించుచు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటన వెలువరించినది.

వీటికన్న ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. చాల మందులు వయ్యారిభామతో పాటు గరికను, వెంపలిని, తంగేటిని కూడ మాడ్చివేయును. నేల బోడి యగును. మరుసటి వానకు ఆ బోడి నేలలో మొట్టమొదట మొలచునది మరల వయ్యారిభామయే. అనగా మందు చల్లినవాడు శత్రువునకు స్థలము చదును చేసి యిచ్చినట్లగును.

ఉప్పు నీటి విషయము కూడ చెప్పవలెను. లీటరు నీటికి 150 నుండి 200 గ్రాముల ఉప్పు కలిపి, పూతకు ముందు, ఎండగా ఉన్న దినమున మొక్క తడియునట్లు చల్లినచో వయ్యారిభామ మాడును. కాని ఉప్పు నేలలో నిలిచిపోవును. వాన తక్కువగా గల మన ప్రాంతమున అది త్వరగా కడుగబడదు. కావున గోడల మూలలు, బండల సందులు వంటి చోట్ల మాత్రమే దీనిని వాడవచ్చును. పైరు నేల మీద, చెట్ల మొదళ్ళ వద్ద, బావుల దగ్గర వాడరాదు. బండల సందులకు సలసల కాగిన నీరు పోసినను లేత మొక్కలు చచ్చును.

పెరుకుటకు తగిన సమయము

ఈ పనిలో జయాపజయములు సమయము మీద ఆధారపడియున్నవి. వాన పడిన రెండు మూడు వారములకు, నేల ఇంకను తడిగా ఉండగా, మొక్క చక్రముగా పరచుకొని ఉన్న దశలో, వేరుతో సహా పెరుకవలెను. అప్పుడు చేతితో లాగినను వచ్చును; చిన్న పార మొనతో ఎత్తినను వచ్చును. నేల ఎండిన తరువాత లాగినచో కాండము తెగి వేరు లోపలనే ఉండిపోవును. కొడవలితో పై భాగమును మాత్రము కోసినచో మొదటి నుండి క్రొత్త కొమ్మలు లేచి, మునుపటికన్న పొట్టిగా, గుబురుగా పూయును. కనుక కోతను నమ్ముకొనరాదు.

ఒకసారి పెరికినంతనే పని ముగియదు. ఒక్కొక్క వానకు ఒక్కొక్క విడత మొలక వచ్చును. జూన్ మొదలు నవంబరు వరకు కనీసము నాలుగు విడతలు పని చేయవలసియుండును. మొదటి రెండు విడతలు శ్రద్ధగా చేసినచో తరువాతి విడతలు తేలికపడును.

పని చేయువారు నిండు చేతుల చొక్కా తొడిగికొని, చేతులకు తొడుగులు వేసికొని, ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. చేతి తొడుగులు లేనిచో మందపు గుడ్డ గాని, సంచి గాని చుట్టుకొనవచ్చును. పని ముగిసిన తరువాత సబ్బుతో కడుగుకొని బట్టలు మార్చుకొనవలెను. ఉబ్బసము, చర్మవ్యాధులు గలవారిని ఈ పనికి పిలువరాదు. పూచిన మొక్కలను పెరుకు పనికి బడిపిల్లలను ఎంతమాత్రమును పంపరాదు. కూలీలలో అధిక సంఖ్యాకులు స్త్రీలు గనుక, వారికి తొడుగులు సమకూర్చుట పంచాయతీ విధియని గుర్తించవలెను.

పెరికిన మొక్కల వినియోగము

పూతకు ముందు పెరికిన మొక్కను వ్యర్థము చేయనక్కరలేదు. దానితో మంచి ఎరువు చేసికొనవచ్చును. నీరు నిలువని మెరక స్థలములో మూడడుగుల లోతు, ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల గుంట త్రవ్వి, అడుగును, ప్రక్కలను దిమ్మిస చేయవలెను. జానెడు మందమున మొక్కలను పరచి, పేడనీళ్ళు చల్లి, పలుచగా మన్ను చల్లవలెను. ఇట్లు పొరలు పొరలుగా గుంటను నింపి, పైభాగమును మన్ను, పేడ, ఊక కలిపిన ముద్దతో మెత్తవలెను. తేమ ఆరిపోకుండ చూచుచుండినచో నాలుగైదు నెలలలో ఎరువు సిద్ధమగును. దానిని పంచాయతీ నాటించు చెట్లకు వాడవచ్చును.

పూచిన మొక్క సంగతి వేరు. దానిని ఎరువు గుంటలో వేసినచో విత్తనములు ఎరువుతో పాటు చేలకు చేరు ప్రమాదము కలదు. అట్టి మొక్కల పూకొమ్మలను ముందుగా సంచిలోనికి వంచి కోసి, తరువాత మొదలును పెరుకవలెను. ఆ సంచులలోని దానిని వేరొక లోతైన గుంటలో వేసి పైన రెండడుగుల మన్ను కప్పవలెను. పెరికిన మొక్కలను బాట ప్రక్కనే కుప్పవేసి పోవుట మన గ్రామములలో తరచుగా కనబడు పొరపాటు. ఆ కుప్పలోనే పూలు ముదిరి విత్తనములు రాలును.

ఖాళీ నేలను వదలరాదు

పెరుకుట సగము పని. పెరికిన నేలను మరియొక మంచి మొక్కతో కప్పుట తక్కిన సగము. ప్రకృతిలో ఖాళీ నేల ఖాళీగా ఉండదు. మనము కోరినది వేయనిచో అది తనకు తోచినది వేసికొనును.

మన ప్రాంతపు బీళ్ళకు వెంపలి, తగిరిస, తంగేడు తగిన మొక్కలు. ఇవి మూడును వర్షాభావమునకు ఓర్చుకొనును. వెంపలి పచ్చిరొట్టగా పనికివచ్చును. తగిరిస తొలి వానకే దట్టముగా మొలచి నీడ పరచి వయ్యారిభామను పైకి రానీయదు. అక్టోబరు నుండి జనవరి వరకు వీటి కాయలను ఏరి, గింజలను దాచి, ఏప్రిల్, మే నెలలలో వానకు ముందుగా బీళ్ళలో వెదజల్లవలెను. మొదటి సంవత్సరము ఈ పని చేసిన చోట, తరువాత అవే గింజలు రాల్చుకొని స్థిరపడును. ధార్వాడ ప్రాంతమున కాసియా యూనిఫ్లోరా అను మొక్క వయ్యారిభామను అణచివేసిన దాఖలా కలదు. అయితే అదియు విదేశపు మొక్కయే గనుక, మన నేలలో పుట్టిన మొక్కలనే మేము సిఫారసు చేయుచున్నాము.

బడి ఆవరణకు, పంచాయతీ కార్యాలయపు ముంగిలికి గరికను మించినది లేదు. చేనిలో గరిక రైతునకు శత్రువే. ఆవరణలో అది మిత్రుడు. వానకాలమున వేరు గల గరిక తీగెలను తెచ్చి జానెడు ఎడముగా నాటి, కాలితో అదిమినచో ఒక ఋతువులో నేలను కప్పును. గరికను నేలకంటునట్లు గొరుగరాదు. రెండు మూడు అంగుళముల ఎత్తున ఉంచి కోసినచో దాని నీడలో కలుపు విత్తనములు మొలవవు.

ఆవరణలో బాధించు మరి రెండు మొక్కలు కలవు. పల్లేరు కాయ పిల్లల పాదములలో గుచ్చుకొనును. కనుక పచ్చని పూవు కనబడగానే, కాయ కట్టకముందే, నడి వేరును పట్టి లాగవలెను. తుంగను పైపైన లాగిన లాభము లేదు. నేలలోని గడ్డ మిగిలి మరల మొలచును. ఎండకాలమున గడ్డపారతో తిరుగవేసి, గడ్డలను ఏరి ఎండలో మాడ్చవలెను. ఒక్కసారితో అది పోదు. రెండు మూడు వేసవులు ఓపిక పట్టవలెను.

కొద్దిపాటి స్థలమును విత్తనము సహా శుభ్రము చేయుటకు మన ఎండయే గొప్ప సాధనము. ఏప్రిల్, మే నెలలలో నేలను చదును చేసి, బాగుగ తడిపి, కాంతి చొరబారు పలుచని పాలిథీన్ కాగితమును నేలకంటునట్లు పరచి, అంచులను మన్నుతో కప్పవలెను. నాలుగు నుండి ఆరు వారములలో ఆ వేడికి పైపొరలోని కలుపు విత్తనములు చాల భాగము చచ్చును. తుంగ గడ్డలు మాత్రము ఇందుకు పూర్తిగా లొంగవు. మొక్కల నారుమడులకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము. పని ముగిసిన తరువాత కాగితమును ముక్కలు కానీయక మడచి దాచుకొనవలెను.

పెంకు పురుగు సహాయము

మన తాతల కాలమున ఇట్టి యుద్ధము ఒకటి జరిగినది. దక్షిణ దేశమున నాగజెముడు వేలాది ఎకరములను ఆక్రమించి ఉండెను. నరికినకొలది అది చిగిర్చెడిది. 1926లో సింహళము నుండి తెప్పించిన ఒక జాతి పిండిపురుగును దానిపై వదలగా, కొలది సంవత్సరములలో ఆ నాగజెముడు చాల వరకు నశించినది. మొక్కకు శత్రువైన పురుగును వెదకి తెచ్చుట వ్యర్థ ప్రయత్నము కాదనుటకు ఇది నిదర్శనము.

అదే మార్గమున వయ్యారిభామపై ప్రయోగించుటకు మెక్సికో నుండి జైగోగ్రామా అను పెంకు పురుగును 1983లో బెంగుళూరుకు తెప్పించి, పరీక్షించి, మరుసటి సంవత్సరము వదలిరి. ఈ పురుగు, దాని పిల్లపురుగు రెండును వయ్యారిభామ ఆకులను తిని బ్రతుకును. వర్షకాలమున పెరిగి, చలికాలమున నేలలో దాగి, మరల వానలతో బయటకు వచ్చును. పాలవంటి తెల్లని రెక్కలపై నల్లని చారలతో ఉండు ఈ పురుగు మీ గ్రామములో కనబడినచో దానిని చంపరాదు.

అయినను దీనిపైనే పూర్తిగా ఆధారపడుట సరికాదు. తేమ ఎక్కువగా ఉన్నచోట అది బాగుగా వృద్ధి చెందును. వాన ఆలస్యమగు మన మెట్టలో పురుగులు సంఖ్య పెంచుకొనునప్పటికి తొలి మొక్కలు పూచియే ఉండును. కావున తొలి విడతలు మనుష్యుల చేతులు, చివరి విడత పురుగు చేయవలెను. జిల్లాలోని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమును, రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానమును ఇట్టి విషయములలో సలహా అడుగవచ్చును.

పంచాయతీ చేయవలసిన ఏర్పాట్లు

వీధులను శుభ్రపరచుట, చెత్తకుప్పలను, పిచ్చిమొక్కలను, నాగజెముడును తొలగించుట గ్రామ పంచాయతీ విధులలో ఒకటిగా 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము పేర్కొన్నది. కావున ఇది దయతో చేయు పని కాదు, చేయవలసిన పని. దీనికి ఈ క్రింది క్రమమును సూచించుచున్నాము.

వేసవిలో గ్రామసభలో తీర్మానము చేసి, గ్రామ పటము మీద వయ్యారిభామ పెరుగు చోట్లను గుర్తించవలెను. వేరుశనగ చేలను ఆనుకొని ఉన్న బాటలకు, గెనిమలకు మొదటి స్థానము ఇయ్యవలెను. వార్డు సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క భాగమునకు బాధ్యత వహించవలెను.

రోహిణి, మృగశిర కార్తెలలో వాన పడిన రెండు మూడు వారములకు మొదటి విడత. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో, వేరుశనగ విత్తు సమయమునకు, రెండవ విడత. మఖ కార్తెలో మూడవ విడత. హస్త, చిత్త కార్తెల వానల తరువాత నాలుగవ విడత పని జరుగవలెను. జబల్‌పూరులోని కలుపు మొక్కల పరిశోధన సంస్థ ఆధ్వర్యమున ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమంతట వయ్యారిభామ వారోత్సవము జరుపుట ఆచారముగా వచ్చినది. ప్రచారమునకు అది మంచిదే. కాని ఆగస్టు వరకు వేచియుండినచో యాడికి వంటి ప్రాంతమున తొలకరికి మొలిచినది పూచి విత్తనములు రాల్చియుండును. మన పని జూన్‌లోనే ప్రారంభము కావలెను.

వ్యయమెంతయో తెలియక వెనుదీయ నవసరము లేదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల ఒక తునకను కొలిచి, దానిని శుభ్రము చేయుటకు ఎందరు కూలీలకు ఎన్ని గంటలు పట్టినదో వ్రాసికొనవలెను. దానినిబట్టి గ్రామమంతటికి కావలసిన ఖర్చును సులభముగా లెక్క కట్టవచ్చును. తేది, స్థలము, కూలీల సంఖ్య, మొక్క పూచినదా లేదా యను వివరములతో ఒక పుస్తకము ఉంచవలెను. రెండవ సంవత్సరము అదే తునకలో పని గంటలు తగ్గినచో మనము గెలుచుచున్నట్లు. పెరిగినచో ఎక్కడనో విత్తనము రాలినట్లు.

రైతులు తమ వంతుగా గెనిమలను శుభ్రము చేసికొని, వేరుశనగ చేను చుట్టును నాలుగు సాళ్ళకు తక్కువ కాకుండ జొన్న గాని సజ్జ గాని దట్టముగా విత్తవలెను. ఎత్తుగా పెరిగిన ఆ పైరు గాలిలో వచ్చు తామర పురుగులను అడ్డగించును; పశువులకు మేతయు సమకూరును. రోడ్డు పనులకు మట్టి తోలించునప్పుడు వయ్యారిభామ లేని చోటినుండియే తోలవలెనని పంచాయతీ నిబంధన పెట్టవలెను. సరిహద్దు గ్రామముల పంచాయతీలతో మాటలాడి ఒకే వారములో పని జరుపుకొనవలెను. గాలికి సరిహద్దు రాళ్ళు తెలియవు గదా.

ఒక్క సంవత్సరములో ఈ మొక్క నశించునని మేము ఆశ పెట్టము. నేలలో పూడియున్న విత్తనము తీరువరకు మూడు నాలుగు సంవత్సరములు వదలక పని చేయవలెను. మధ్యలో ఒక్క సంవత్సరము ఉపేక్షించినను పడిన శ్రమ అంతయు మొదటికి వచ్చును. పంచాయతీలో సభ్యులు మారవచ్చును. పని మాత్రము ఆగరాదు. అందుకే లెక్కల పుస్తకము, గ్రామ పటము వ్రాతపూర్వకముగా ఉంచి క్రొత్త సభ్యులకు అప్పగించవలెనని కోరుచున్నాము.

సభ్యులు చర్చించవలసిన ప్రశ్నలు

1. మన గ్రామములో వేరుశనగ చేలను ఆనుకొని వయ్యారిభామ ఏయే బాటల ప్రక్క, ఏయే బీళ్ళలో పెరుగుచున్నది?

2. మొదటి వాన పడిన ఎన్ని దినములకు మనము పని ప్రారంభింపగలము? కూలీలకు చేతి తొడుగులు ఎవరు సమకూర్చవలెను?

3. వెంపలి, తగిరిస, తంగేడు గింజలను ఈ సంవత్సరము ఎవరెవరు ఏరి దాచగలరు?

4. బడి ఆవరణలో గరిక నాటుటకు, దానికి తొలి దినములలో నీరు పోయుటకు ఏమి ఏర్పాటు చేయవలెను?

5. మన సరిహద్దు గ్రామములలో ఎవరితో మాటలాడి పనిని ఒకే వారములో జరుపవలెను?

వచ్చు పంచాయతీ సమావేశములో ఈ ఐదు ప్రశ్నలకు సమాధానములు వ్రాసి తీర్మానముల పుస్తకములో చేర్చినచో, ముంగారు నాటికి పని సగము ముగిసినట్లే.